ఉంచండి, ఉంచుకోండి

మన దొంగతనం సెక్షన్లో ఒక కుక్క ఉంది. దానికి పేరు లేదు, జాతి లేదు. మెకాలే ముసాయిదా 1860లో శిక్షాస్మృతిగా మారినప్పటి నుంచీ అది 378వ సెక్షన్ కింద ఒక ఉదాహరణగా కాపరం ఉంటోంది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి పాత స్మృతి వెళ్ళిపోయినా, కుక్క మాత్రం 303వ సెక్షన్‌కి ఇల్లు మారింది. కథ చిన్నదే. ఒకడు కుక్కలు ఆశపడే తిండేదో జేబులో వేసుకుంటాడు. పరాయివాళ్ళ కుక్క వాసన పట్టి వాడి వెనకాల బయల్దేరుతుంది. యజమాని ఒప్పుకోకుండా దాన్ని కాజెయ్యాలన్నదే వాడి ఉద్దేశమైతే, కుక్క నడక మొదలుపెట్టగానే దొంగతనం పూర్తయిపోయినట్టు. సంచిలో వెయ్యక్కర్లేదు, మెడకి తాడు కట్టక్కర్లేదు.

నాకు ఈ ఉదాహరణలో నచ్చేదీ నచ్చనిదీ ఒకటే. నడిచింది కుక్క. కానీ చట్టం లెక్కలో కుక్క నడవలేదు, కుక్కని ‘కదిలించారు’. జంతువుని ఏ ఉపాయంతో కదిలేలా చేసినా కదిలించినట్టేనని పక్కనే వివరణ కూడా ఉంది. అంటే దాని నాలుగు కాళ్ళూ ఆ కాసేపూ దొంగవాడి చేతులు. పోనీ ఆ మనిషే దానికి నచ్చి వెంట వెళ్ళిందేమో అనే అనుమానానికి అక్కడ చోటు లేదు.

నేను ఈ సెక్షన్ జోలికి సరదాకి వెళ్ళలేదు. మా మలక్‌పేటలో ఒక కుక్క విషయంలో రెండు కుటుంబాలు పోలీస్ స్టేషన్ మెట్ల దాకా వెళ్ళాయి. మా పై అంతస్తులో ఉండే భార్యాభర్తలకి 2021లో అమెరికా ప్రయాణం కుదిరింది. వాళ్ళకి ఆరేళ్ళ పాప, రెండేళ్ళ లాబ్రడార్. విమానంలో కుక్కకయ్యే ఖర్చు, టీకా కాగితాలు, అక్కడి అద్దె ఇళ్ళ షరతులు అన్నీ లెక్కేసుకుని, దాన్ని ఇక్కడే వదిలి వెళ్ళాలని తేల్చుకున్నారు. సైదాబాద్‌లో తెలిసినవాళ్ళు, ఆర్టీసీలో రిటైరైన ఒక పెద్దాయనా ఆయన భార్యా, తీసుకున్నారు. డబ్బు చేతులు మారలేదు. కాగితం రాసుకోలేదు. ఉన్నదల్లా వాట్సప్‌లో ఒక మెసేజ్: “అంకుల్, బ్రూనోని మీ దగ్గర ఉంచుకోండి. మీరైతే బాగా చూసుకుంటారు.” నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం పోయి, వీసా గడువు తీరి, వెనక్కి వచ్చారు. వచ్చిన వారానికి పాపని వెంటబెట్టుకుని సైదాబాద్ వెళ్తే, పెద్దాయన టీ ఇప్పించాడు, పాపకి బిస్కెట్లు పెట్టాడు, కుక్కని మాత్రం ఇవ్వనన్నాడు.

“మేం ఇచ్చేశామని ఎవరన్నారన్నా? వచ్చేదాకా చూడమన్నాం, అంతే,” అని పై అంతస్తు ఆవిడ నాతో.

“వచ్చేదాకా అంటే నాలుగేళ్ళా బాబూ? దానికి టిక్ ఫీవర్ వచ్చినప్పుడు మా ఆవిడ తొమ్మిది రాత్రులు నిద్రపోలేదు. నాకు బైపాస్ అయ్యాక పొద్దున్నే లేపి నడిపించింది అది. ఇప్పుడు కవర్లో పెట్టి ఇచ్చెయ్యమంటే ఎట్లా?” అని పెద్దాయన.

దొంగతనం కేసు పెడతామని వీళ్ళు వెళ్ళిన స్టేషన్లో, ఇది సివిల్ మేటర్, బయట మాట్లాడుకోండని పంపేశారు. ఆ ‘బయట’ అనేది నేనయ్యాను. ఇలాంటివి చదువుతుంటానని పేరుంది కాబట్టి.

ఆ వాట్సప్ మెసేజ్‌ని రెండువైపులవాళ్ళూ నాకు పంపారు. ఇద్దరూ అది తమకే సాక్ష్యం అన్నారు. నేను దాన్ని చాలాసార్లు చదివాను, విమర్శకుడు పద్యం చదివినట్టు. తగువంతా ‘కొను’ అనే ఒక చిన్న ప్రత్యయంలో ఉంది. బస్సులో కండక్టర్‌తో ‘చిల్లర ఉంచండి’ అంటే దిగేటప్పుడు అడుగుతామని. ‘ఉంచుకోండి’ అంటే ఇక అడగమని. వండు, వండుకో; తెచ్చు, తెచ్చుకో; పెంచు, పెంచుకో. చేసిన పని ఫలం ఎవరికి చెందుతుందో తెలుగు ఒక్క ‘కో’తో చెప్పేస్తుంది. విడిగా వాడితే కొనడం అంటే డబ్బిచ్చి సొంతం చేసుకోవడమే కదా. ఆ లెక్కన ‘ఉంచుకోండి’ అన్నారు కాబట్టి ఇచ్చేసినట్టే.

కానీ మెసేజ్ అక్కడితో ఆగలేదు. ‘మీ దగ్గర’ ఉంచుకోండి అని ఉంది. మనది కాని వస్తువునే కదా మన దగ్గర ఉంచుకోమంటారు? తర్వాత ‘చూసుకుంటారు’. ఇక్కడి కొను వేరే కొను. ‘పాపని కాస్త చూసుకోండి’ అని పక్కింటివాళ్ళకి చెప్పి బజారుకెళ్ళే తల్లి పాపని దానం చేసినట్టు కాదు. రెండు వాక్యాల్లో రెండు కొనులు, ఒకటి సైదాబాద్ వైపు, ఇంకొకటి మలక్‌పేట వైపు లాగుతున్నాయి. రాసినప్పుడు ఆవిడకి ఏది మనసులో ఉందని అడిగితే, నిజాయితీగా, రెండూ ఉన్నాయనే చెప్పాలి. విమానం ఎక్కబోయేవాళ్ళు అలాగే రాస్తారు. ఇచ్చేస్తున్నామని ఒప్పుకుంటే ఏడుపొస్తుంది, ఇవ్వడం లేదంటే అవతలివాళ్ళు తీసుకోరు.

చట్టంలో ఈ రెంటికీ రెండు వేర్వేరు గదులున్నాయి. ‘ఉంచండి’ గది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, 148వ సెక్షన్ దగ్గర మొదలవుతుంది. ఒక పని కోసం వస్తువుని అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటు అది. ఇస్త్రీకిచ్చిన బట్టలు, రిపేరుకిచ్చిన బండి అన్నీ అందులోకే వస్తాయి. అక్కడ 163వ సెక్షన్ కింద ఒక ఆవు కట్టేసి ఉంటుంది: ఒకరు తన ఆవుని చూడమని ఇంకొకరికి అప్పగించారు, ఆవు ఈనింది, అప్పుడు ఆవుతో పాటు దూడనీ తిరిగివ్వాలి. మన ఊళ్ళలో మేకనో గొర్రెనో సగం పాలుకి ఇచ్చేవాళ్ళు ఈ ఉదాహరణ వింటే నవ్వుతారు. మేపినవాడికి పిల్లల్లో వాటా ఉండడం వాళ్ళకి మామూలు. చట్టం కూడా వేరే ఒప్పందం ఉంటే దాని ప్రకారమే అంటుందనుకోండి. ఏ ఒప్పందమూ లేనిచోట మాత్రం మేపినవాడికి అయిన ఖర్చు వస్తుంది, దూడ రాదు.

‘ఉంచుకోండి’ గది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 122వ సెక్షన్. ప్రతిఫలం లేకుండా ఇష్టపడి ఇవ్వడం, అవతలివాళ్ళు స్వీకరించడం. చరాస్తికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అందిస్తే చాలు. కుక్క చరాస్తి. ‘చర’ అనే మాట దానికి సరిపోయినట్టు ఇంకే ఆస్తికీ సరిపోదు. ఇచ్చాక వెనక్కి తీసుకోవచ్చా అన్నది 126వ సెక్షన్. నాకిష్టమైనప్పుడు తీసేసుకుంటాను అని ఇస్తే అది దానమే కాదు, చెల్లదు. ఇచ్చినవాడి ఇష్టంతో సంబంధం లేని ఫలానా సంగతి జరిగితే రద్దవుతుందని ముందే ఇద్దరూ ఒప్పుకుని ఉంటే మాత్రం రద్దవుతుంది. ‘మీరు సరిగా చూడకపోతే వెనక్కి తీసుకెళ్తాం’ అన్న షరతు ఇందులో పడుతుందని నేను అనుకుంటున్నాను. ‘మేం తిరిగొస్తే తీసుకెళ్తాం’ అన్నది పడదు. రావడం రాకపోవడం చాలావరకు వచ్చేవాళ్ళ ఇష్టమే కదా. ఉద్యోగం పోయి రావడం ఇష్టమా అని పై అంతస్తు ఆయన నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

నేను రోజూ రాసే ప్రోగ్రాముల్లో ఈ తేడాని పట్టుకోవడానికి ఏకంగా ఒక భాషే ఉంది. రస్ట్‌లో ఒక విలువని ఇచ్చేశావా, అరువిచ్చావా అన్నది ముందే తేలాలి. ఇచ్చేశాక పాత పేరుతో దాన్ని మళ్ళీ ముట్టుకోబోతే కంపైలర్ ఒప్పుకోదు. తేల్చకుండా వదిలేస్తే ప్రోగ్రామే తయారవదు. మనుషులు మాత్రం తేల్చకుండానే నాలుగేళ్ళు హాయిగా నడిపిస్తారు.

మలక్‌పేటలో ఉంటూ హిబా మాట ఎత్తకపోతే ఎలా. ఆస్తి బదిలీ చట్టంలోని దానాల అధ్యాయం ముస్లిం ధర్మశాస్త్ర నియమాలని తాకదని 129వ సెక్షన్ చెబుతుంది. హనఫీ పద్ధతిలో, స్వాధీనం చేశాక కూడా హిబాని కోర్టు ద్వారా వెనక్కి అడగొచ్చు. కాకపోతే మినహాయింపులు చాలా ఉన్నాయి. భార్యాభర్తల మధ్య ఇచ్చింది, దగ్గరి రక్తబంధువుకి ఇచ్చింది అడగకూడదు. బదులుగా ఏదైనా పుచ్చుకుని ఉంటే అడగకూడదు. ఇచ్చిన వస్తువు తీసుకున్నవాడి చేతిలో పెరిగి, ఆ పెరుగుదల విడదీయరానిదైతే అడగకూడదు. ఈ చివరిది నన్ను ఆపేసింది. సన్నగా ఇచ్చిన పశువు అక్కడ బలిసింది, ఇప్పుడు నువ్వు ఇచ్చిన సన్నటి పశువుని వేరుచేసి ఎలా తీసుకెళ్తావు? బ్రూనోలో నాలుగేళ్ళ సైదాబాద్ ఉంది. రైల్వే గేటు దగ్గర ఆగడం, పెద్దాయన మాత్రల డబ్బా చప్పుడుకి లేవడం, ‘చింటూ’ అన్న పిలుపుకి తిరగడం ఇవన్నీ అక్కడ కలిసినవి. వాటిని అక్కడ వదిలేసి మిగతా కుక్కని తీసుకురావడం కుదరదు.

మన పాత శాస్త్రకారులకి కూడా ఇవి కొత్తవి కావు. యాజ్ఞవల్క్య స్మృతిలో ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే తగువుకి ఒక విభాగం, పశువుల యజమానికీ కాపరికీ మధ్య తగువుకి ఇంకొకటి, తనది కానిదాన్ని అమ్మేసే తగువుకి మరొకటి ఉన్నాయి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరని తిక్కన కాలంవాడైన కేతన పదమూడో శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. అంటే తెలుగులో కవిత్వం కుదురుకుంటున్న రోజుల్లోనే పశువుల పంచాయితీలు కూడా పద్యాల్లోకి వచ్చాయి.

కానీ వీటన్నిటి కన్నా నాకు పనికొచ్చింది నృగుడి కథ. భాగవతం దశమ స్కంధంలో ఉంది, పోతన భాగవతంలోనూ ఉంది, భారతం అనుశాసన పర్వంలోనూ ఉంది. నృగుడు మహాదాత. ఒక బ్రాహ్మణుడికి ఇచ్చిన ఆవు తప్పించుకుని మళ్ళీ రాజు మందలోకి వచ్చి కలిసిపోయింది. తెలియక రాజు దాన్ని ఇంకొకరికి దానం చేశాడు. దారిలో మొదటాయన గుర్తుపట్టి నాదన్నాడు, రెండో ఆయన నాదన్నాడు. ఇద్దరూ రాజు దగ్గరికొచ్చారు. ఆ ఒక్క ఆవునీ వదులుకుంటే బదులుగా లక్ష ఆవులిస్తానన్నాడు రాజు. ఇద్దరూ వద్దన్నారు. భారతం కథలో రెండో ఆయన చెప్పిన కారణం ధర్మశాస్త్రం కాదు: తల్లిపాలు లేని నా బక్కపిల్లాడు ఈ ఆవు పాలమీద బతుకుతున్నాడు అన్నాడు. మొదటాయనకి అలాంటి కారణం కూడా అక్కర్లేదు, నా ఆవు నాకు కావాలి, అంతే. తగువు తీరక, చివరికి రాజు ఊసరవెల్లి అయి కృష్ణుడు వచ్చేదాకా నూతిలో పడి ఉన్నాడు.

చిన్నప్పుడు ఈ కథ దానంలో పొరపాటు గురించి అని చెప్పారు. ఇప్పుడు చదివితే లక్ష అన్న అంకె దగ్గర ఆగిపోతున్నాను. ఆస్తి అంటే మార్చుకోగలిగేది. ఒక వెయ్యి రూపాయలు పోతే ఇంకో వెయ్యితో సరి. లక్షకి కూడా మారకపోయిందంటే ఆ ఇద్దరూ కొట్లాడుకుంటున్నది ఆస్తి గురించి కాదు, కానీ వాళ్ళ నోట్లో ఉన్న మాట మాత్రం ‘నాది’. రాజుకి ఆ మాట ఒక్కటే వినబడింది, అందుకే అంకె పెంచాడు. మా తగువులోనూ ఎవరో అన్నారు, ఇంకో లాబ్రడార్ పిల్లని కొనిస్తే పోలేదా అని. రెండు ఇళ్ళల్లోనూ ఆ మనిషికి మళ్ళీ టీ దొరకలేదు.

ఇంకొకటి. ఆ ఆవు తనంతట తనే మందకి తిరిగొచ్చింది. కథలో ఎవరూ దాన్ని ఒక అభిప్రాయంగా తీసుకోలేదు. ఆవు తప్పిపోయింది అన్నారు, తిరిగొచ్చింది అనలేదు.

జంతువునే అడిగితే? 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లాలో అలాగే చేశారు. ఒక గేదె కోసం ఇద్దరు తగువు పడితే, పోలీసులు గేదెని రోడ్డు మీద వదిలేసి అది ఎవరింటికి వెళ్తే వాళ్ళదే అన్నారు. అది నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది, తగువు తీరింది. అంతకు ముందు 2020లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో ఇద్దరు ఒకే లాబ్రడార్‌ని తమదంటే పోలీసులు డీఎన్‌ఏ పరీక్ష దాకా వెళ్ళారు. డీఎన్‌ఏ ఆ కుక్క ఎవరికి పుట్టిందో చెబుతుంది, ఎవరి మంచం కింద పడుకుంటుందో చెప్పదు. నాకు గేదె పద్ధతే నచ్చింది. కానీ అది దారి తప్పిన గేదెకి సరిపోతుంది, రెండిళ్ళున్న కుక్కకి సరిపోదు. మా వాళ్ళు అదీ చేసి చూశారు, సైదాబాద్ పార్కులో. పాప ఒక చివర, పెద్దాయన ఇంకో చివర. కుక్క పాప దగ్గరికి పరిగెత్తి, మీదెక్కి, మూతి నాకి, ఐదు నిమిషాలు గిరగిరా తిరిగి, ఆ తర్వాత వెళ్ళి పెద్దాయన కాళ్ళ దగ్గర పడుకుంది. ఇద్దరూ గెలిచామన్నారు. పాప జేబులో బిస్కెట్లున్నాయని పెద్దాయన భార్య చెప్పింది. మెకాలే కుక్క నాకు గుర్తొచ్చింది అక్కడే. జేబులో ఏముందో తెలియకుండా ఏ నడకనీ ఇష్టంగా లెక్కెయ్యలేం.

అయితే జంతువుకి ఏది మేలో మనమే ఆలోచించి చెప్పాలా? కొన్ని దేశాల్లో చట్టం ఆ దారి పట్టింది. స్విట్జర్లాండ్‌లో 2003 నుంచి జంతువు వస్తువు కాదు. పెంపుడు జంతువు మీద తగువొస్తే దానికి ఎవరి దగ్గర మేలో చూసి కోర్టు వాళ్ళకే ఇవ్వొచ్చు. కాలిఫోర్నియాలో 2019 నుంచి, స్పెయిన్‌లో 2022 నుంచి విడాకుల కేసుల్లో ఇలాంటి ఆలోచనకి వీలుంది. వినడానికి బావుంది. ఇక్కడ నాకున్న అనుమానం కత్రినా తుఫాను దగ్గర మొదలవుతుంది. 2005 ఆగస్టులో న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు, కుక్కల్నీ పిల్లుల్నీ పడవల్లోకి, శిబిరాల్లోకి రానివ్వక చాలామంది వదిలి వెళ్ళాల్సొచ్చింది. తర్వాత సహాయకులు వేల జంతువుల్ని కాపాడి దూర రాష్ట్రాలకి పంపితే, అక్కడివాళ్ళు పెంచుకున్నారు. నెలల తర్వాత పాత యజమానులు వెతుక్కుంటూ వెళ్తే కొందరు ఇవ్వలేదు. మీరు వదిలేశారు, మా ఇల్లు పెద్దది, మేం బాగా చూస్తాం అన్నారు. కోర్టులకెక్కారు. మరుసటి ఏడాది అక్కడ, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకీ చోటుండాలని చట్టం చేశారు. మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మూసేసిన రోజుల్ని చూసినవాళ్ళకి ఇది అమెరికా కథలా అనిపించదు. ‘ఎవరి దగ్గర మేలు’ అన్న ప్రశ్న చూస్తుండగానే ‘ఎవరికి ఎక్కువ ఉంది’ అన్న ప్రశ్న అయిపోతుంది. మా తగువులో కూడా లిఫ్టున్న అపార్ట్‌మెంటు, రెండు గదుల రేకుల ఇల్లు అని ఒక పోలిక వచ్చింది. పెద్దాయన ఆ రోజు ఏం మాట్లాడలేదు.

ఇలాంటి వ్యాసంలో ధర్మరాజు కుక్క ఏదీ అని ఎవరైనా అడగొచ్చు. అది ఎవరి కుక్కా కాదు, దారిలో వెంటబడింది. దాన్ని ఎవరూ నాదనలేదు, కాబట్టి దాంతో నాకిక్కడ పని లేదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం యజమాని అంటే ఎవరో చెప్పే తీరు విచిత్రంగా ఉంటుంది. అసలు యజమానే కాదు, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ప్రస్తుతానికి జంతువు ఎవరి చేతిలో ఉందో వాళ్ళూ యజమానే. తిండి పెట్టాల్సిన బాధ్యత, హింసించకూడదన్న బాధ్యత వాళ్ళమీదా ఉంటాయి. దొంగతనం సెక్షన్లో దొంగగా ఉన్న మనిషి ఇక్కడికి రాగానే యజమాని. హక్కు కాగితం వెంట పోతుంది, బాధ్యత గొలుసు పట్టుకున్న చేతి వెంట పోతుంది. ఆకలితో దాహంతో బాధపడేలా జంతువుని వదిలేస్తే మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, ఇప్పటికీ.

మలక్‌పేటవాళ్ళకి జంతువు అనగానే కుక్క కన్నా ముందు గుర్రం గుర్తుకొస్తుంది, రేస్‌కోర్సు మూలంగా. గుర్రం గెలిచినన్నాళ్ళూ దానికి యజమాని పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 2025 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో హైదరాబాద్ నుంచి 57 గుర్రాల్ని జబల్‌పూర్‌కి తరలిస్తే కొద్ది రోజుల్లోనే 8 చనిపోయాయి, తర్వాత ఇంకొన్ని. విషయం మధ్యప్రదేశ్ హైకోర్టుకి వెళ్ళింది. అలాంటి కథల్లో నాదంటే నాదని తన్నుకునేవాళ్ళు కనబడరు. దాణా ఖర్చూ చావులూ మిగిలినచోట ‘నాది’ అనే మాట దొరకదు. ఆ పక్కన పెట్టి చూస్తే సైదాబాద్ తగువు నాకు కొంచెం మర్యాదగానే కనిపించింది. ఇద్దరూ ఖర్చుకి సిద్ధపడి అడుగుతున్నారు.

ఈ మధ్య కుక్కల్ని ఇవ్వడానికి అందరూ వాడే మాట దత్తత. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న వీధికుక్కల మీద ఇచ్చిన ఉత్తర్వులో కూడా, ఇష్టమున్నవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసి వీధికుక్కని దత్తత తీసుకోవచ్చు, కానీ అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదే అని ఉంది. మాట పెద్దదే. 1956 నాటి హిందూ దత్తత చట్టంలో దత్తత ఒకసారి చెల్లితే ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ కూడా రద్దు చెయ్యలేరు, బిడ్డ కూడా కాదని పుట్టింటికి పోలేదు. కుక్కకి ఆ మాట వాడుతున్నవాళ్ళు అంత తిరుగులేని పని చేస్తున్నామని అనుకుంటున్నారా అంటే నాకు అనుమానమే. ఎన్నో జంతు సంస్థలు తమ ఫారంలో, మీకు కుదరకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మాకే తిరిగివ్వండి అని రాయించుకుంటాయి. అది దత్తత కాదు, మంచి షరతున్న దానం. నాకైతే ఆ షరతే ఎక్కువ నచ్చుతుంది.

తెలుగులో తిరిగి తీసుకోని, అయినా తెగిపోని ‘ఇవ్వడం’ ఒకటి ఉంది. ‘పిల్లని నల్గొండ ఇచ్చాం’ అంటాం. ఇచ్చాక అడగడానికి లేదంటారు, కానీ ఎలా ఉందని అడుగుతారు, పండక్కి పిలుస్తారు, జ్వరమొస్తే కబురొస్తుంది, కబురు రాకపోతే బయల్దేరి వెళ్తారు. ఈ పోలిక ఆడపిల్లకి అవమానంగా తోస్తే, నా ఉద్దేశంలో అవమానం ఆ క్రియలోనే ముందునుంచీ ఉంది. మనిషికి వాడకూడని క్రియ అది. కుక్కకి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఇచ్చినవాళ్ళకి వస్తువు మీద హక్కు పోతుంది, కబురు మీద పోదు.

నన్నడిగితే కుక్క సైదాబాద్‌లోనే ఉండాలన్నాను. 122వ సెక్షన్ కోసం కాదు. అక్కడ ఇద్దరు మనుషుల పొద్దులన్నీ దాని చుట్టూ అమరి ఉన్నాయి, దాని పొద్దులు వాళ్ళ చుట్టూ. పై అంతస్తువాళ్ళకి కోపమొచ్చింది. కానీ వాళ్ళ తరఫున ఒక మాట ఉంది, అది వాళ్ళకీ తోచలేదు. 2021లో కుక్కని ఇచ్చింది తల్లీతండ్రీ. పాప ఇవ్వలేదు. ఆరేళ్ళ పిల్లని ఎవరూ అడగలేదు. అమెరికాలో ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు వీడియోలో కుక్కతో మాట్లాడుతుంటే, అది ఇంకా తనదే అనుకుంటోందని ఇటు చివర ఉన్న పెద్దవాళ్ళకీ అటు చివర ఉన్న పెద్దవాళ్ళకీ తెలుసు. ఎవరూ కాదని చెప్పలేదు. తను ఇవ్వనిదాని మీద పాపకేదో మిగిలి ఉంది. దానికి చట్టంలో పేరు దొరకలేదు నాకు.

పెద్దాయనతో ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు కుక్క చెవి నిమురుతూ కూర్చుని, “రాసియ్యి బాబూ, ఏం రాస్తావో,” అన్నాడు.

తెల్ల కాగితం మీద రాశాం, స్టాంపు లేకుండా. కుక్క సైదాబాద్ వాళ్ళది. వాళ్ళకి కుదరని రోజొస్తే ఇంకెవరినీ అడగకముందు మలక్‌పేట వాళ్ళని అడగాలి. ఒంట్లో బాగోకపోతే ఆ రోజే చెప్పాలి. పాప ఎప్పుడొచ్చినా తలుపు తియ్యాలి. ‘ఎప్పుడొచ్చినా’ దగ్గర పెద్దాయన ఆగి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు పడుకుంటామని రాయించాడు. పై అంతస్తు ఆవిడ, పేరు మార్చొద్దు, బ్రూనో అనే పిలవండి అంది. అది కుదరదన్నారు, నాలుగేళ్ళుగా చింటూ అయ్యాక ఎట్లా మారుస్తామని. కాసేపు గొడవయ్యి, అది వదిలేశాం.

సంతకాలు అయిపోతుంటే పెద్దాయన భార్య అడిగింది, “పోతే?” అని. కుక్కకి ఆరేళ్ళు నిండాయి. లాబ్రడార్లు సాధారణంగా పదీ పన్నెండేళ్ళు బతుకుతాయి. ఎవరూ జవాబు చెప్పకపోతే ఆవిడే నా చేతిలో పెన్ను తీసుకుని, కింద ఖాళీలో, గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యాలి. పాపకి చెప్పాలి.’